చెంచాడు తీపి

అక్కా,

ఫోన్‌లో చెబుదామంటే ఈ ఇంట్లో గుసగుసలాడినా పక్కగదికి వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివాకే తిట్టు.

మా చిట్టికి పై పళ్ళు తీసేశారని నీకు తెలుసు. ఎందుకు పుచ్చాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇక్కడందరికీ తెలిసిన కారణం ఒక్కటే, నేను. ఆ పళ్ళ మీద మచ్చ మొదట చూసింది మా ఆడపడుచు వదిన. "ఇంత పిల్లకి ఇంకా పాలిస్తే పుచ్చవా మరి? మందుల గురించి చదువుకున్నదాన్ని, నాకు తెలీదా?" అని తన తమ్ముడి ముందు, తల్లి ముందు తీర్పు చెప్పేసింది. మేడ కింద మందుల షాపు నడుపుతోందిగా, ఆవిడ మాటకి తిరుగేముంది! అత్తయ్య దగ్గరుండి నా రొమ్ముకి చేదు రాయించింది. చిట్టి నోరు పెట్టి, మొహం చిట్లించి, నా వంక చూసిందక్కా. మోసం చేశానన్నట్టు చూసింది.

పాలు మాన్పించినా మచ్చలు ఆగలేదు. పళ్ళు నల్లబడి అంచులు విరిగాయి. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. "ఏం మందులు వాడుతున్నారు?" అంది. సంచీలోంచి దగ్గు మందు తీసిచ్చాను. ఒక చుక్క నాలిక్కి రాసుకుంది.

"ఇది పాకం అమ్మా. పడుకోబోయే ముందు పట్టించి, నోరు తుడవకపోతే తెల్లవార్లూ పళ్ళ మీదే ఉంటుంది. ఆ పైన పాలు. పాల వంతు లేదనను. కానీ ఇంత తొందరగా ఇంత పాడుచేసింది ఈ తీపి."

ఆ మందు ఇచ్చింది వదిన. దగ్గు తగ్గాక కూడా "నిద్ర బాగా పడుతుంది, మానకు" అన్నది వదిన. తడిగుడ్డతో నోరు తుడవబోతే "లేపకు, పాపం" అన్నదీ వదినే.

ఇప్పుడు అసలు సంగతి. వదినకి లేకలేక పుట్టిన చంటివాడికి పై పళ్ళు వచ్చాయి. వాడికీ దగ్గు. అదే మందు పట్టి, పాలిస్తూ నిద్రపుచ్చుతోంది. నేను చూస్తూ ఊరుకుంటున్నాను. ఒక్క మాట చెప్పను. వాడి పళ్ళు నల్లబడనీ. ఆ రోజు అందరి ముందూ ఆవిడ గొంతుతోనే అంటాను, "ఇంకా పాలిస్తే పుచ్చవా మరి?" అని. ఆ రోజు కోసమే పైకి నవ్వుతూ తిరుగుతున్నాను. రాక్షసినంటావా? అను.

నీ చెల్లి

*

అక్కా,

"వాడు నీకేం చేశాడే?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఒళ్ళు మండి నీ జవాబు చింపేశాను.

నిన్న వాణ్ణి నా ఒళ్ళో పడేసి వదిన షాపులోకి దిగింది. వాడు నా వేలు కొరుకుతూ నవ్వాడు. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళ అంచున, పళ్ళ మీద సుద్దతో గీసినట్టు తెల్లటి గీత. మొదట అలాగే వస్తుందని, అప్పుడే చూస్తే ఆపొచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను కోరుకున్నదే కదా, సంబరపడాలి. నా వల్ల కాలేదు.

వాణ్ణి చంకనేసుకుని కిందికి దిగాను. షాపు నిండా జనం. దాచుకున్నదంతా కక్కేశాను. డాక్టరమ్మ మాట, చేదు రాయించడం, చిట్టి బోసి నోరు, ఏదీ వదల్లేదు. కొనడానికొచ్చిన ఒకావిడ తన చేతిలోని దగ్గు మందు మెల్లగా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

"ఇంట్లో చెప్పకూడదా? ఇంతమందిలోనా?" అంది వదిన, మొహం పాలిపోయి.

"నా గురించి మీరెక్కడ చెప్పకుండా ఆగారు?" అన్నాను.

తర్వాత పైకొచ్చి చేతులు పట్టుకుంది. ఏడ్చింది. క్షమించమంది. "క్షమించను వదినా. రేపు వాణ్ణి తీసుకుని నాతో రండి. డాక్టరమ్మ అడిగినవాటికి మీరే జవాబు చెప్పండి" అన్నాను.

ఇప్పుడు ఆ డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గీత చెరిగిపోకపోయినా పళ్ళు దక్కుతాయట. తలుపు సందులోంచి వదిన గొంతు వినబడుతోంది. "నేనే ఇచ్చానండీ. మా మరదలి పిల్లకి కూడా."

డాక్టరమ్మకి సరిగా వినబడలేదు కాబోలు, మళ్ళీ అడిగింది. ఈసారి వదిన గట్టిగా చెప్పింది.

హాయిగా ఉందక్కా.

నీ రాక్షసి చెల్లి