స్టీలు డబ్బాల దాచిన వైఫై

అన్నా,

నిన్న నీ నెల మాసికం. నువ్వు దవాఖానల ఉన్నప్పుడే మన సూర్యాపేట ఇంట్ల వైఫై రౌటర్ కాలిపోయింది. నువ్వు కొనిపెట్టిన అరచేతంత కంప్యూటర్ బోర్డునే నిన్న నేను రౌటర్‌గ మార్చిన. ఫోన్లల్ల మళ్ల కొట్టే పని లేకుండ పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టిన.

కోదాడ నుంచి బావ వచ్చిండు. ఫోన్ కవర్లు అమ్ముతడు కాబట్టి తనకు తెలువంది లేదనుకుంటడు. "ఈ అగ్గిపెట్టెతో నెట్ వస్తుందా?" అన్నడు. నీ ముందట కూడ గదే మాట అనేటోడు.

నేను బోర్డు ఆన్ చేసి, అది మొదలయ్యే లోపు వంటింట్లకు పోయొచ్చిన. నెట్ రాలేదు. సూస్తే, బల్లి పడతదని బావ దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాల పెట్టి, వైరుకు జర సందు ఇడిసి, మూత పెట్టిండు. స్టీలు దాటి సిగ్నల్ రాదన్న ఇంగితం లేదు గాని, "నేను ముందే చెప్పానుగా" అని నాకే చెప్పిండు.

బోర్డు బయటికి తీసిన, నెట్ వచ్చింది. అమ్మ అలమారల నుంచి నీ ఫోన్ మెసేజ్‌లతోని ఆగకుండ మోగింది. రీచార్జ్ లేని ఫోన్‌కు అమ్మ రోజూ ఛార్జింగ్ పెడుతున్నదట.

తెరిచి సూసినం. అన్నీ పువ్వుల బొమ్మలే, బావ పొద్దున్నే అందరికీ కలిపి పంపేటివి. నీ పాడె మోసిన మనిషి, తెల్లారి లేసి నీకు "ఈ రోజు మీకు శుభం కలగాలి" అని పంపిండు.