క్యారవాన్ మీదికి ఎవరెక్కాలి

అంతర్వేది

మావకి,

నీ రత్నం రాసుకుంటున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఫోను చెయ్యక ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోను చేస్తే నువ్వు ఊఁ అని, రెండో మాటకి అత్త చేతికిచ్చేస్తావు. ఆవిడ అన్నం తిన్నావా అంటుంది, తిన్నానత్తా అంటాను, అంతటితో సరి. ఈసారి నా మాట చివరిదాకా వినాలి. అందుకే కాగితం పట్టుకున్నాను.

ద్రాక్షారామంలో జరిగిందే నా కళ్ళల్లో తిరుగుతోంది. మన బండి అద్దెకి తీసుకుని యాత్రకొచ్చిన ఆ సంపూర్ణమ్మ గారు, పాపం, దర్శనం చేసుకొచ్చి, మన క్యారవాన్‌లో మంచం మీద అలా నడుం వాల్చారో లేదో, నువ్వు బండి మలుపు తిప్పావు. పైనున్న ఏసీలోంచి బిందెడు నీళ్ళు ఆవిడ నెత్తిన పడ్డాయి. ముసలి ప్రాణం వణికిపోయింది. నేను కొంగుతో ఆవిడ తల తుడుస్తూ ఉన్నాను. వాళ్ళబ్బాయి నీ మీద కేకలేస్తే నువ్వేమన్నావు? "మా ఆవిడ టాపెక్కి ముట్టుకుందండి. మా వాళ్ళలో అది పనికిరాదండి. అందుకే ఇలా అయ్యిందండి." గుడి వీధిలో, అంతమంది ముందు. నాకు తల కొట్టేసినట్టయింది మావా. ఇంట్లో ఒక మాటంటే నేనూ నాలుగంటాను, అక్కడితో పోతుంది. వీధిలో అంటే నేనేమనను?

పడవ అమ్మి ఈ పాత క్యారవాన్ కొన్ననాడు నేనెంత సంబరపడ్డానో నీకు తెలుసు. నరసాపురంలో ఐటీఐ చదివి ఏసీ పని నేర్చుకున్నదాన్ని. షూటింగులకి తిప్పినా, అన్నవరం యాత్రలకి తిప్పినా, బండి పైన ఏసీ నా చేతిలో ఉంటుందనుకున్నాను. కానీ పడవ అమ్మి కొన్న బండి పడవే అంది అత్త. పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టించి, పడవ మీద ఆడది కాలు పెట్టకూడదు కాబట్టి దీని టాపు మీదా పెట్టకూడదంది. లోపల కూర్చోవచ్చట, పైకి మాత్రం ఎక్కకూడదట. సరే అని లోపలి ఫిల్టరు కడుగుతూ ఊరుకున్నాను.

ద్రాక్షారామం వెళ్ళకముందు టాపు నుంచి అద్దాల మీదుగా నీళ్ళు కారుతున్నాయని నువ్వు కంగారుపడ్డావు చూడు, అది లీకు కాదు. మన గాలిలో ఉన్న చెమ్మంతా ఏసీలో నీరవుతుంది. ఆ నీరు అడుగున పళ్ళెంలో పడి, దాని అంచు కన్నాల్లోంచి టాపు మీదికి పోతుంది. అలాగే పోవాలి. నువ్వేమో పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడవలో బతికినవాడివి. నీళ్ళొచ్చే కన్నం కనబడితే నీ చెయ్యి ఊరుకోదు. పడవకి పెట్టినట్టే లప్పం పెట్టి అన్నీ మూసేశావు. నువ్వూ అత్తా సంతకెళ్ళినప్పుడు నేను పైకెక్కి చూశాను. నువ్వు రాగానే చెప్పాను కూడా, ఆ కన్నాలు తెరవకపోతే నీళ్ళు లోపలికి పడతాయని. నువ్వు కన్నాల సంగతి వినలేదు. నేను ఎక్కానన్నదొక్కటే విన్నావు.

సరే, ఇప్పుడైనా విను. కరెంటు తీసేసి ఎక్కు. లప్పాన్ని వెదురుపుల్లతో గీకు, మేకుతో పొడిస్తే పళ్ళేనికి చిల్లు పడుతుంది. ఏసీ వెనక సన్నరేకుల్లో ఉప్పుగాలికి మురికి పేరుకుంది. మెత్తటి బ్రష్షుతో తుడువు, పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టకు, రేకులు వంగిపోతాయి. రొయ్యల చెరువుల దగ్గర ఆగినప్పుడు వాళ్ళ మోటార్ల లైను నుంచి మన ఏసీకి వైరు లాగకు. ఓల్టేజి చాలక కంప్రెసర్ కాలిపోతుంది.

రాజమండ్రిలో తబిత గారని ఒకావిడ ఏసీ రిపేరు షాపు నడుపుతున్నారు. పనికి రమ్మన్నారు. వెళ్తున్నాను. మళ్ళీ మనింటికి వస్తానో రానో నాకే తెలీదు. నీ మీద ఇష్టం లేక కాదు. బెంగతో ముద్ద దిగడం లేదు. కానీ నాకొచ్చిన పని నన్ను చెయ్యనివ్వకుండా, అది చెడితే మాత్రం నావల్లే అనే చోట ఎలా ఉండను? నన్ను పిలవడానికి రాకు. నీ మొహం చూస్తే వచ్చేస్తాను, అదే నా భయం.

నీ
నూకరత్నం

మొగల్తూరు

ఒసే రత్నం,

మీ అత్త తలుపులమ్మ చెబుతుంటే పక్కింటి పాపాయి రాస్తోంది. నేనన్నది అన్నట్టే రాయమన్నాను. నీ ఉత్తరం చదువుకుని మా చినబాబు వెళ్ళి బండిలో కూర్చున్నాడు. ఏం రాసిందిరా అంటే చెప్పడు. లాక్కుని పాపాయి చేత చదివించుకున్నాను. మొగుడికి రాసుకున్నది విన్నానని కోప్పడకు.

వాడు గుడి వీధిలో నిన్ను అంత మాటన్నాడని నాకు తెలీదే. నీళ్ళు పడ్డాయన్నాడు, నువ్వు అలిగి పుట్టింటికెళ్ళావన్నాడు, అంతే. పడవ ఎక్కకూడదని మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. ఎందుకని ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతేగాని, దాన్ని పట్టుకుని పరాయివాళ్ళ ముందు పెళ్ళాం పరువు తియ్యమని ఎవరు చెప్పారు వాడికి?

పొద్దున్నే ఎక్కి ఆ లప్పం తియ్యరా అన్నాను. "మెకానిక్కుని పిలుస్తానే అమ్మా" అన్నాడు. ఇంట్లో మెకానిక్కుని వెళ్ళగొట్టుకుని ఇంకో మెకానిక్కట. నాకు ఒళ్ళు మండిపోయింది. కరెంటు తీయించి, చీర ఎగ్గట్టి నేనే ఎక్కాను. "అమ్మా దిగవే, పడతావు, జనం చూత్తన్నారు" అని వాడు కిందనుంచి ఒకటే గోల. పేటంతా వచ్చి నిలబడింది. చూడనీ అన్నాను. నువ్వు రాసినట్టే వెదురుపుల్లతో గీకాను. లోపల నిలవున్న మురుగునీరు బొళుక్కున బయటికొచ్చింది, ఒకటే కంపు. గంగమ్మ తల్లీ, కోపమొస్తే నా మీదే చూపించు, పిల్లల మీద కాదు అని దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పటిదాకా మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేమీ రాలేదు.

ఇక అసలు సంగతి. నిన్ను తీసుకొస్తానని వాడు చొక్కా తొడుక్కున్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. వాడొచ్చి పిలిచినా రాకే. నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది, అబద్ధమెందుకు. పులుసు కాస్తే వాడూ తినడు, నాకూ సయించదు. అయినా ఇప్పుడొస్తే అలక తీరి తిరిగొచ్చిన కోడలంటారు, అంతకుమించి ఏమీ మారదు. ఆ తబితమ్మ దగ్గరికెళ్ళు. పని చేసుకో.

బండి మేమే రాజమండ్రి తెస్తాం. ఆ సన్నరేకులు తుడవడం నాకు చేతకాలేదు, వాణ్ణి చెయ్యనివ్వను. బజారులో అందరూ చూస్తుండగా టాపు నువ్వే ఎక్కు. వాడు నిచ్చెన పట్టుకుని కింద నిలబడతాడు. నిలబడతానని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. పనయ్యాక వాడితో రావాలో, వాణ్ణి ఒక్కణ్ణే పంపెయ్యాలో నీ ఇష్టం. పంపేస్తే నేనూ ఆ బండిలోనే వెళ్తాను, కానీ వాడితో మాట్లాడను.

మీ అత్త
తలుపులమ్మ