ఎడమ తలుపు జోలికి పోకండి

గడి, బుధవారం
ఫసలీ 1355

మోత్కూరు ఇస్రాయేలుకు దొరవారి గడి మున్షీ లింగస్వామి హుకుం.

ఒరే, దొరవారి నల్ల మోటారు మసకబారింది. వచ్చే శుక్రవారం జిల్లా తాలూక్దారు సాహెబు విందుకు వస్తున్నారు. పట్నం నుంచి కరెంటు పాలిషు మిషను తెప్పించినాం. గడి కరెంటు ఇంజను మీద గిరగిర తిరుగుతుంది గాని పట్టేవాడు లేడు. నువ్వు పట్నం కార్ఖానాలో ఆ మిషను పట్టినవని విన్నాం. రేపు తెల్లారేసరికి వచ్చి వెట్టికి చేసిపో.

లింగస్వామి

మరొక మాట: అన్నం ఇంటి దగ్గరే తిని రా.


మోత్కూరు, గురువారం

మున్షీ లింగస్వామి గారికి ప్రభువు నామమున ఇస్రాయేలు వందనములు.

హుకుం అందింది. నేను రాను. ఫరో దగ్గర ఇటుకలు కోసినవాళ్లను దేవుడు సముద్రం చీల్చి బయటికి తెచ్చాడు. మళ్లీ లోపలికి పొమ్మని లేఖనంలో ఎక్కడా లేదు, మూడుసార్లు వెతికిన. ఇక నుంచి మా పల్లెలో ఎవరం వెట్టికి రాము. కూలి ఇచ్చి, ‘గారు’ అని పిలిస్తే ఆలోచిస్తాం.

అయితే మోటారు ఏ పాపమూ ఎరగదు. కనుక వినండి. ముందు నయమాను యొర్దానులో మునిగినట్టు ఏడుసార్లు శుద్ధి చేయండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా మిషను దాన్నే పట్టుకుని రంగంతా గీరుతుంది. తరువాత మెత్తని ఉన్ని కట్టి మిషనును కదిలిస్తూనే ఉండాలి. లోతు భార్యలాగా నిలబడితే ఆ చోట వేడెక్కి రంగు కాలిపోతుంది. అంచుల మీద రంగు పలుచన, అక్కడ పట్టకండి.

దేవునికి తప్ప ఎవరికీ వెట్టి చేయని
ఇస్రాయేలు

మరొక మాట: ఎడమ తలుపు జోలికి మాత్రం అసలు పోకండి.


గడి, శనివారం

ఇస్రాయేలూ,

నీ మాట నమ్మి చెడిపోయినాం. ఆరు ఎడ్లు కట్టి మోటారును వాగులోకి దించి ఏడుసార్లు ముంచినాం. నాలుగో మునకకే ఇంజను నీళ్లు తాగింది. హారను నొక్కితే కప్ప బయటికి దుమికింది. దొరవారు చూసి, "వాడు చెప్తే చెప్పిండు, నువ్వెట్ల ముంచినవ్ బే?" అని అందరి ముందు నన్ను అన్నారు.

ఆ నయమాను ఎవరి డ్రైవరు? లోతు భార్యది ఏ ఊరు? ఊరి భూముల పహాణీలన్నీ తిరగేసినా వాళ్ల పేర్లు దొరకలేదు. ఊరికే నిలబడే మనిషైతే వెంటనే గడికి పంపు, ఇక్కడ చాలా పని ఉంది.

లింగస్వామి

మరొక మాట: ఎడమ తలుపులో ఏదో దాచినవు. అందుకే వద్దంటున్నవు. మిషను ముందు అక్కడే పట్టిస్తాం.


మోత్కూరు, ఆదివారం, ఆరాధన తరువాత

మున్షీ గారికి వందనములు.

నయమానును ముంచింది కుష్ఠు పోవడానికి. మీ మోటారుకు కుష్ఠు లేదు, దుమ్ము ఉంది. చెంబుతో నీళ్లు పోసి కడిగితే చాలును. లోతు భార్య ఉప్పుస్తంభమై చాలా కాలమైంది. ఆమె కూడా వెట్టికి రాదు. ఆ ఒక్క సంగతిలో ఆమె నాకు తోడు.

మోటారును బాగా ఆరనివ్వండి. ఎవరికీ కనపడని మూల మొదట పట్టి చూడండి. మిషను మీద బరువు వేయకండి. జానెడు జానెడు నడిపి అరచేయి ఆనించండి, వేడి తగిలితే ఆపండి.

ఇస్రాయేలు

మరొక మాట: ఎడమ తలుపు వద్దు. ఇది రెండోసారి. కోడి కూయకముందే వినండి.


గడి, బుధవారం

మహారాజశ్రీ ఇస్రాయేలు గారికి లింగస్వామి నమస్కారములు.

అయ్యా, మీ దగ్గర అక్షరాలు నేర్చుకున్న మా జీతగాడు బీరన్నకు మిషను ఇచ్చి ఎడమ తలుపు మీదనే గట్టిగా అదిమించినాను. కదలనివ్వలేదు. నల్లరంగు పొగలు కక్కి లేచిపోయింది. కింద తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. బీరన్న నోరు మూసుకోక గట్టిగా చదివిండు: "బరువులు మోసేటోళ్లారా, నా దగ్గరికి రాండ్రి. మీకు సుకం ఇస్త."

నీళ్లు మోసే బాలనర్సమ్మ కుండ దించి, "దొర మోటారు మీద రాసిచ్చిండుల్లా! ఇగ నేను మొయ్య" అని అరిచింది. కట్టెలు మోసే పుల్లమ్మ మోపు పడేసి, "సుకం ఏ అర్రల పెట్టిండ్రు, జర చూపియ్యి మున్షీ" అని నన్నే అడిగింది. యాభై మంది వచ్చి గడి వాకిట్లో కూర్చున్నారు. ఎల్లుండే తాలూక్దారు సాహెబు రాక. పొయ్యి రాజేసే దిక్కు లేదు. దయచేసి వచ్చి ఆ అక్షరాలు చెరపండి. కూలి ఇస్తాం.

లింగస్వామి

మరొక మాట: అన్నం ఇక్కడే తినవచ్చు. నేనే వండుతున్నాను.


మోత్కూరు, గురువారం

లింగస్వామి గారికి వందనములు.

‘గారు’ అందింది. సంతోషం. కాని నేను రాసింది నేను చెరపను.

అవును, నేనే రాసిన. బొంబాయి నుంచి కొత్తది తెప్పించినామని దొరవారు చాటించుకున్న మోటారు మా పాదిరి గారు ఊరూరా సువార్త చెప్పడానికి తిరిగి, చివరికి అమ్ముకుని పోయినదే. నల్లరంగు ఆ తరువాత పూసింది. తొమ్మిదేండ్లు తుడిచిన చేతులివి. వెనుక రెక్క మీది సొట్ట చూసి మొదటి రోజే గుర్తుపట్టిన. వద్దు వద్దని రెండుసార్లు రాసిన. నా మాట మీద మీకున్న అనుమానమే ఆ వాక్యాన్ని వెలుగులోకి తెచ్చింది.

కూర్చున్నవాళ్లను లేపకండి. వాళ్లకు మాటిచ్చింది మీ మోటారు. నేనూ వస్తున్నాను, వాళ్ల పక్కన కూర్చోవడానికి.

ఇస్రాయేలు

మరొక మాట: కుడి తలుపు మీద కూడా రాసిన. అది దొరలకు రాసింది. ఏ వాక్యమో చెప్పను, మిషను మీ దగ్గరే ఉంది.