తల మీద చెయ్యి పడేదాకా

హాస్టల్, హైదరాబాద్
ఆదివారం

ప్రియమైన బాపూ,

ఎలా ఉన్నావని అడగడానికే సిగ్గుగా ఉంది. యాడి ప్రతి ములాఖత్‌కూ జూలూరుపాడులో బస్సెక్కి ఖమ్మం జైలుకు వస్తోంది, నేను ఒక్కసారి కూడా రాలేదు. పరీక్షలున్నాయని ఆమెతో చెప్పి పంపేదాన్ని. అన్ని పరీక్షలు ఏ యూనివర్సిటీలోనూ ఉండవని నీకు తెలిసే ఉంటుంది.

నేను చదివేది ఫోరెన్సిక్ సైకాలజీ. నేరం చేసినవాళ్ల మనసు ఎలా నడుస్తుంది, ఎవరు నిజం చెబుతున్నారు, ఎవరు నటిస్తున్నారు అని తేల్చే చదువు. పోడు చెలక గట్టు తగాదాలో గొడ్డలి తిరగేసి దేవ్లా బాబాయిని నువ్వెందుకు కొట్టావో, మనిషి ప్రాణం తీసేంత కోపం నీకెలా వచ్చిందో ఏదో ఒక పుస్తకంలో దొరుకుతుందని ఇందులో చేరాను. ఇంకా దొరకలేదు. ఇక్కడ మాత్రం నువ్వు పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తున్నావు. "మీ నాన్న ఫోనే చేయరేంటి?" అని రూమ్మేట్ దీపిక అడిగితే నైట్ షిఫ్టు అంటాను. పాపం, ఇన్నాళ్లలో నీకు ఒక్క సెలవు కూడా ఇవ్వలేదు నేను. తండా అనను, అమ్మను యాడి అని పిలుస్తానని చెప్పను. రోజంతా ఎంత మాట్లాడినా నా మాట ఒక్కటీ మాట్లాడినట్టుండదు.

మొన్న క్లాసులో మురళీకృష్ణ సార్ ఒక వీడియో చూపించారు. స్టేషన్ వరండాలో ఒకామె, అరెస్టయిన అన్న మెడ పట్టుకుని ఏడుస్తోంది. రాగం తీస్తూ, మాటలు పేరుస్తూ. అది నిజమైన దుఃఖమా, నటనా రాయమన్నారు. క్లాసంతా నవ్వింది. నిజంగా ఏడ్చేవాళ్లకు రాగం ఎలా కుదురుతుంది అన్నారు. అది మన ఏడుపు బాపూ. దూరమైనవాళ్లు కనబడితే మన ఆడవాళ్లు మెడ పట్టుకుని, వాళ్లు తమకు ఏమవుతారో పాడుతూ ఏడుస్తారు కదా. ఎదుటివాళ్లు తల మీద చెయ్యి వేసేదాకా ఆపరు కదా. పుట్టినప్పటినుంచీ వింటున్నదాన్ని, అయినా లేచి చెప్పలేదు. నేనూ "నటన" అనే రాశాను. రాసిచ్చి బాత్రూంలోకి పోయి కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. ఖైదీలతో మాట్లాడే ప్రాక్టికల్ కోసం వచ్చే నెల మా క్లాసును మీ జైలుకే తీసుకొస్తున్నారు. రాకపోతే మార్కులు పోతాయి. నన్ను చూస్తే తెలియనట్టు ఉండు బాపూ. ఇంతకంటే మర్యాదగా ఎలా అడగాలో నాకు తెలియలేదు.

నీ శ్రావణి

*

ఖమ్మం జైలు

బిడ్డా శ్రావణీ,

నీ ఉత్తరం రామ్‌చందర్ సార్ చదివిండు. ఈడ మాకు అక్షరాలు నేర్పేటాయన. నేను చెప్తాంటే ఆయనే రాస్తుండు. ఒక్కకాడ ఆగిండు గని, పర్వాలేదు చదువు సార్ అన్న.

నువ్వు రా. భయపడకు. నాది వడ్రంగి షెడ్డుల పని. మీరొచ్చిన రోజు గోడదిక్కు తిరిగి రంపం గుంజుకుంట ఉంట. ఎవరన్న అడిగితే తెల్వదంట. నీ మార్కులు పోవద్దు. కరెంటు ప్లాంటుల నౌకరి మంచిగనే ఇప్పిచ్చినవ్. జీతం గూడ జర ఎక్కువనే చెప్పు.

ఎందుకు కొట్టినవని నన్ను నువ్వు ఎన్నడు అడగలే. పుస్తకంల దొరకది బిడ్డా. కోపమొచ్చింది, చెయ్యి లేసింది. దేవ్లా నా యెంట పెరిగినోడు. పడిపోయినంక నేనే భుజానేసుకొని రోడ్డుదాక ఉరికిన. దవాఖానకు బండి దొరకలే. ఇంతకంటె నాకే తెల్వదు.

గా వీడియోల ఏడ్చినామె తల మీద ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా? గది రాయలే నువ్వు.

యాళ్లకు తిను.

నీ బాపు
దస్రు

*

తండా

బాపూ,

సెలవులకు ఇంటికొచ్చాను. యాడి పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె ఘాటుకు తుమ్ముతోంది, నేను రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు మాట తప్పలేదు. మేం షెడ్డులోకి వచ్చేసరికి గోడవైపు తిరిగి రంపం లాగుతున్నావు. నేను వేరేవాళ్లను ప్రశ్నలడిగాను, జవాబులు రాసుకున్నాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. అది చూసి నాకే భయమేసింది. వెళ్లిపోయే ముందు ఒక్కసారి నీ వీపు చూశాను. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. ఇంత చిక్కిపోయావని యాడి నాకు చెప్పలేదు.

తర్వాత నేను అనుకుని చేసింది ఏదీ లేదు. వచ్చి నీ మెడ పట్టుకున్నాను. నోట్లోంచి రాగం వచ్చేసింది. నన్ను భుజాన మోసిన నా బాపూ, దేవ్లా బాబాయిని భుజాన మోసిన నా బాపూ, నేను దాచిపెట్టిన నా బాపూ అని, మన భాషలో, ఎంత గొంతుంటే అంత గొంతుతో. వార్డరు పరుగెత్తుకొచ్చాడు. ఈ అమ్మాయి నీకేమవుతుందని మురళీకృష్ణ సార్ నిన్నే అడిగారు.

"నాకు తెల్వదు సార్. నన్ను జూసి ఇంకెవరో అనుకున్నట్టుంది పిల్ల" అన్నావు.

చేతులు రెండూ తొడలకు ఆనించి నిలబడ్డావు. గొంతు పిసరంత కూడా మారలేదు. నటన అంటే ఏమిటో అప్పుడు చూశాను. నీ మీద నాకు అంత కోపం, అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు. నాకు మాత్రం నీ మొండితనం రాకుండా ఎక్కడికి పోతుంది? చెయ్యి పడేదాకా ఆపేది లేదనుకున్నాను. గొంతు బొంగురుపోయింది, క్లాసంతా నోరు తెరుచుకుని చూస్తోంది, నేను ఆపలేదు. చివరికి నీ చెయ్యి లేచింది.

"సాలు బిడ్డా, సాలు" అన్నావు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. సెలవులిచ్చేదాకా ఆ నాలుగు రోజులూ మెస్‌లోనూ ఒక్కదాన్నే తిన్నాను. "మరి నైట్ షిఫ్టు?" అని దీపిక ఒక్క మాటే అడిగింది. సార్‌ను అడిగి ఆ వీడియో మళ్లీ వేయించి, అదేం ఏడుపో క్లాసుకు చెప్పాను. కొందరు రాసుకున్నారు. నువ్వు అడిగావు కదా, చివరిదాకా చూశాను. ఆమె తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు బాపూ. ఆమె అన్నకు బేడీలున్నాయి.

నీ చేతి రంపపు పొట్టు నా జుట్టులో ఇంకా అక్కడక్కడా ఉంది. యాడి నీళ్లు కాచి, తలంటుతా రమ్మని పిలుస్తోంది. రేపు పోసుకుంటాలే అంటున్నాను.

నీ కూతురు
శ్రావణి