ఈ ఏటి సాసేజ్ ఉండలు

డిసెంబరు 26, 2019
గురువారం, ఉదయం

చిరంజీవి లైల్‌కు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమే అనుకోవాలని ఉంది కానీ, నీ పోయిన ఉత్తరం చదివాక అలా అనుకోలేకపోతున్నాను.

పెరోల్ మీద నిన్ను ముందే వదలడం కుదరదన్నారు. మళ్ళీ ఐదేళ్ళ దాకా అడగడానికి కూడా లేదన్నారు. "ఆ ప్రూయిట్ ముసలిదే ఏడ్చి చెడగొట్టి ఉంటుంది, నా దెబ్బకి కొడుక్కి కన్ను పోయిందని ఊరంతా చాటింది చాలక" అని రాశావు. విచారణకి ఖైదీలను రానివ్వరాయె. అక్కడ ఎవరేం మాట్లాడారో నీకు తెలిసే దారి లేదు. నేనైతే వెళ్ళాను. నువ్వు కుట్టించిన ఆ నీలం గౌనే వేసుకుని వెళ్ళాను. ఇంతకంటే రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

పండగ కబుర్లు చెబుతాను. నువ్వు జైలుకి వెళ్ళాక మూడేళ్ళు క్రిస్మస్ ముందురోజు పార్టీ మానేశాను కదా, నువ్వొచ్చేదాకా సాసేజ్ ఉండలు చెయ్యనని మొండికేసి. ఈ ఏడు చేశాను. కారం సాసేజ్ కైమా ఒక పౌను, ఘాటు చెద్దర్ చీజ్ ఒక పౌను, బిస్కెట్ పిండి మూడు కప్పులు. మా అమ్మ కొలతే. నీళ్ళ చుక్క తగలకూడదు.

మీ జెనీవా పెద్దమ్మ సాయానికొచ్చింది. రావడం రావడమే, తురమడం ఎవరి వల్ల అవుతుందని, తురిమిన చీజ్ సంచులు పట్టుకొచ్చింది. అంటుకోకుండా దానికేదో పొడి జల్లుతారుట. ఇంకేముంది, అరగంట పిసికినా ముద్ద కాలేదు, ఇసుకలా రాలిపోయింది. ఆవిడ తగ్గుతుందా? "నీ చేతుల్లో పస అయిపోయిందే ఒపల్, చీజ్‌నంటావేం" అంది. "ఈ పసలేని చేతులతోనే నీకో మొట్టికాయ వెయ్యగలనక్కా, వెళ్ళి గడ్డ చీజ్ పట్రా" అన్నాను. ఇద్దరం కుర్చీల్లో కూలబడి నవ్వాం. తర్వాత గడ్డ చీజ్ నేనే తురిమాను. రెండు వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి.

చిన్నప్పుడు నువ్వు స్టూలెక్కి ఉండలు చుట్టేవాడివి. నీవి మరీ పెద్దవై లోపల పచ్చిగా ఉండిపోయేవి. మా వాడు చేశాడని మీ నాన్న వాటినే వెతుక్కుని, మళ్ళీ కాల్చుకుని తినేవాడు. ఆ పిల్లాడి మీద నాకు చెప్పలేనంత బెంగ, లైల్. ఎక్కడ పోగొట్టుకున్నానో తెలియడం లేదు.

మీ అక్క మార్లా పిల్లలతో వచ్చింది. అందరూ కలిసి పదకొండు మందిమి. రెండు పళ్ళేలూ ఊడ్చేశారు. మార్లా చిన్నకూతురు నోటినిండా కుక్కుకుని, "అమ్మమ్మా, ఇన్నాళ్ళూ ఇవెందుకు చెయ్యలేదూ" అంది. మార్లానే, "అమ్మమ్మకి ఓపిక లేక చెయ్యలేదులే, తిను" అంది. నేను సింకు దగ్గరకెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.

బయటి తిండి మీ గేటు దాటనివ్వరు. లేకపోతే నీకు నాలుగు పంపేదాన్ని. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో. దగ్గు తగ్గకపోతే అక్కడి డాక్టరుకి చెప్పు, సిగ్గుపడకు.

ఆశీస్సులతో,
మీ అమ్మ
ఒపల్

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చింపాను. ప్రూయిట్ గారు ఏడవలేదు. లేచి నిలబడి, "వాణ్ణి వాళ్ళమ్మ దగ్గరికి పంపెయ్యండి, నాకిక చాలు" అని కూర్చుంది. ఆ తర్వాత పెరోల్ బోర్డు వాళ్ళు నన్నడిగారు, వదిలితే మీ ఇంట్లో ఉంచుకుంటారా అని. ఉంచుకోనన్నాను. వినపడలేదేమో, ఇంకోసారి అడిగారు. ఉంచుకోననే చెప్పాను. మీ నాన్న పోయాక నువ్వు తాగొచ్చిన రోజుల్లో నేను స్నానాల గదిలో గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. నీకు గుర్తుండదు. నువ్వంటే నాకు భయంరా. ఇక నువ్వు ఈ ఇంటికి రావని తెలిసే ఈ ఏడు పార్టీ చేశాను. ఆ ముసలావిణ్ణి ఏమీ అనకు, నన్నే అను. ఐదేళ్ళ తర్వాత వాళ్ళు మళ్ళీ అడుగుతారు. అప్పుడూ నేను అదే చెబుతాను.