రంగు వేసిన చోటు

ఫిబ్రవరి 11, మంగళవారం. సాయంత్రం 5.40

చెల్లి బతికే ఉంది. ముందు ఆ మాట రాయాలి.

మధ్యాహ్నం రెండున్నరకి మా ఫ్యాక్టరీ ఫిల్లింగ్ షెడ్డులో మంట లేచింది. మొదటి నంబరు చక్రాల తొట్టిలోకి థిన్నర్, రంగులు పలచన చేసేది, పడుతోంది. పైపు చెల్లి చేతిలో ఉంది. నేను అద్దాల గదిలో రిజిస్టరు రాస్తున్నాను. పెద్ద శబ్దం కూడా లేదు. తడి దుప్పటి దులిపినట్టు ఒక్క ఊపు, అంతే. తలెత్తేసరికి దాని కుడిచెయ్యి మోచేతి దాకా మంటలో ఉంది.

మంటలార్పే సిలిండరు లాగి నురగ కొట్టింది నేనేనంటున్నారు. నాకు గుర్తు లేదు.

చెయ్యి, మెడ, గడ్డం కాలాయి. కళ్లకి ఏమీ కాలేదు. దేవుడా, కళ్లకి ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మేనేజర్ వార్డుకి వచ్చాడు. చేతిలో ఫైలు. ఎలా ఉందమ్మా అని ఒకసారి, క్లిప్పు పెట్టావా అని మూడుసార్లు అడిగాడు.

ఇనప తొట్టికి రబ్బరు చక్రాలు. పైపులోంచి జారే థిన్నర్ తొట్టికి చార్జ్, అంటే స్థిర విద్యుత్తు, ఎక్కిస్తుంది. రబ్బరు దాన్ని నేలలోకి పోనివ్వదు. అందుకని గోడ మీది రాగి పట్టీ నుంచి ఒక తీగ, తీగ చివర క్లిప్పు. ఆ క్లిప్పు తొట్టి అంచుని కరిచాకే కుళాయి తిప్పాలి. షెడ్డులో అడుగు పెట్టిన ఎవరికైనా మొదటి రోజు నేర్పేది అదే. నేర్పేది నేనే. చెల్లికీ నేనే నేర్పాను.

పెట్టాను అంది చెల్లి. మరి క్లిప్పు నేల మీద దొరికిందే అన్నాడు మేనేజర్. మంట లేవగానే తొట్టిని కాలితో తన్నాను సార్, ఊడిపోయి ఉంటుంది, చెయ్యి కాలుతుంటే క్లిప్పు ఎక్కడ పడిందా అని వెతుక్కోమంటారా అంది. నోరు మాత్రం కాలలేదు, అదే పదును.

పోయిన ఏడాది రెండుసార్లు అది క్లిప్పు లేకుండా కుళాయి తిప్పడం నా కళ్లతో చూశాను. తిట్టాను. నవ్వేసింది. అందుకే పెట్టాను అన్నప్పుడు నా మనసు వెంటనే అవును అనలేదు. అది నా మొహమే చూస్తోంది. నీకూ నమ్మకం లేదా అక్కా అంది.

నీళ్లు తాగుతావా అని అడిగాను.

ఫిబ్రవరి 13

షెడ్డు ఇన్‌ఛార్జ్‌గా రిపోర్టు రాసిచ్చాను. క్లిప్పు నేల మీద కనిపించింది, అని. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మంగళవారం ఎంక్వయిరీ. నిర్లక్ష్యం అని తేలితే చెల్లి ఉద్యోగం పోతుంది. పోవడమే కాదు, కాగితం మీద ఆ మాట పడితే ఈ పనిలో మరే ఫ్యాక్టరీ గేటూ దానికి తెరుచుకోదు. పదిహేనేళ్లుగా తెలిసిన పని ఇదొక్కటే.

నా రిపోర్టు సంగతి దానికి ఎవరో చేరవేశారు. సాయంత్రం వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. రిపోర్టు నువ్వొక్కదానివే రాశావా, నీ దేవుడు కూడా పక్కన కూర్చుని రాయించాడా అంది. పక్క మంచం ఆవిడకి నవ్వాగలేదు.

ఉన్నదే రాశాను అన్నాను.

ఉన్నదేమిటో నీకు తెలిస్తే కదా అంది. తెచ్చిన పాలు ఫ్లాస్కులోనే తిరిగొచ్చాయి.

అమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్లు. నా చేతిలో దాని చెయ్యి పెట్టి అప్పగించి పోయింది. ఆ కుడిచెయ్యే.

ఫిబ్రవరి 15, శనివారం. మధ్యాహ్నం 1.15

వరసగా రాస్తాను.

పొద్దున మా ఎలక్ట్రీషియన్ షెడ్డు చూడటానికి వచ్చాడు. అందరూ షాకు బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ షాకు కొట్టించుకోలేదు, పేరు మాత్రం అలా పడిపోయింది.

తొట్టి లోపల థిన్నర్ ఉంటే చార్జ్ బయటికి ఎలా వచ్చింది బాబాయ్ అని అడిగాను. లోహం మీద చార్జ్ లోపల కూర్చోదమ్మా అన్నాడు. ఒకే రకం చార్జ్‌లు ఒకే వంటింట్లో పడిన తోడికోడళ్ల లాంటివట. ఒకరి మొహం ఒకరికి గిట్టదు. ఎంత దూరం జరగగలిగితే అంత దూరం జరిగి, చివరికి బయటి చర్మం మీదికి చేరతాయి. అంచుల దగ్గర, మొనల దగ్గర మరీ గుమిగూడతాయి. నేలలోకి దారి చూపిస్తే నోరెత్తకుండా వెళ్లిపోతాయి. చూపించకపోతే ఎదురుగా ఉన్న పైపు మూతి మీదికి దూకుతాయి. ఆ దూకుడే నిప్పురవ్వ. చుట్టూ ఆవిరి ఉంటే అంతే సంగతులు.

క్లిప్పు పెట్టి ఉన్నా దూకుతాయా అని అడిగాను.

తీగ తెగి ఉంటే దూకుతాయి అన్నాడు. మీటరు పెట్టి చూశాడు. తీగ బాగానే ఉంది. ఇంకొకటి ఉందమ్మా అన్నాడు. క్లిప్పు లోహాన్ని కరవాలి. మధ్యలో గ్రీజో, తుప్పో, రంగో ఉంటే కరిచినట్టు మనకి కనపడుతుంది గానీ దానికి దారి దొరకదు.

రంగు.

జనవరి చివర్లో పెద్ద కస్టమర్ల విజిట్ ఉందని తొట్లకి రంగు వేయించాను. అంచు మీద అరచెయ్యంత చోటు రంగు లేకుండా ఉండేది, క్లిప్పు కోసం. పళ్ల గాట్లతో గజ్జి పట్టినట్టు కనిపించేది. ఇది వదిలేయాలా అమ్మా అని పెయింటర్ అడిగాడు. అసహ్యంగా ఉంది, వేసెయ్, రెండు కోట్లు వెయ్ అన్నాను. నేనే అన్నాను. పదిమందికి నేర్పినదాన్ని.

మా క్లిప్పుల పళ్లు అరిగిపోయి చాలాకాలమైంది. రెండు కోట్లని చీల్చే బలం వాటికి లేదు. అప్పటిదాకా కాపాడింది, చార్జ్‌ని మెల్లగా లాగేసే గాలిలో తేమ. ఈ వారమే గాలి పొడిబారింది.

చెల్లి క్లిప్పు పెట్టింది. రంగు మీద పెట్టింది.

బాబాయికి చెప్పలేదు. తలనొప్పి అని వచ్చేశాను.

ఫిబ్రవరి 16

ప్రార్థనకి కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం. ఉదయం 6.50

అద్దాల గదిలోనే ఉన్నాను. షెడ్డులో ఇంకా ఎవరూ లేరు. ఎనిమిదింటికి రెండో నంబరు తొట్టితో ఫిల్లింగ్ మళ్లీ మొదలు.

మొదటి తొట్టి మీద రంగంతా మంటకి కాలిపోయింది. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. రెండోది అలాగే మిలమిలలాడుతోంది. అదే రోజు, అదే పెయింటర్, అవే రెండు కోట్లు.

నా ఎడమచేతిలో గరుకు కాగితం ఉంది. అరచెయ్యంత చోటు. పది నిమిషాల పని. గీకేస్తే ఇవాళ ఎవరికీ ఏమీ కాదు. రేపు కాదు, ఎల్లుండి కాదు. ఎవరికీ తెలియదు కూడా.

నింద మోయడానికి చెల్లి ఒక్కతే మిగులుతుంది.

7.10

అంచు మూలన వేలెడు మేర గీకాను. కింద తెల్లగా లోహం మెరిసింది. ఆపాను. ప్రభూ, నన్ను ఇక్కడినుంచి లేపు.

11.30

మేనేజర్ వచ్చేదాకా తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. ఫిల్లింగ్ వాళ్లు ముగ్గురూ పక్కకి జరగమన్నారు. జరగలేదు. పెద్దక్కకి పూనకం వచ్చిందిరా అన్నాడు ఒకడు. మేనేజర్ వచ్చి లారీ గేటు దగ్గర ఉందండీ, మీ భక్తి ఇంటి దగ్గర పెట్టుకోండి అన్నాడు.

బాబాయిని పిలవండి, మీటరు తెమ్మనండి అన్నాను.

నేను గీకిన మూలని వదిలేసి, క్లిప్పు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టమన్నాను. పెట్టారు. గట్టిగా లాగినా ఊడలేదు. బాబాయి మీటరు ఒక కొస రాగి పట్టీకి, ఇంకో కొస తొట్టి అడుగున రంగు లేని బోల్టుకి ఆనించాడు. దారి ఉంటే అది కూస్తుంది.

కూయలేదు.

క్లిప్పుని నేను గీకిన మూలకి మార్చాడు. కూసింది. షెడ్డంతా వినపడింది.

ఫిల్లింగ్ వాళ్లు ముగ్గురూ కుళాయి దగ్గర్నుంచి ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ చోట రంగు వేయమన్న తెలివితక్కువ వెధవ ఎవడు అన్నాడు మేనేజర్. పెయింటర్నే అనుకున్నాడు పాపం.

నేనండీ అన్నాను. నా చెల్లెలు క్లిప్పు పెట్టింది. నా రిపోర్టు ఇచ్చేయండి, మళ్లీ రాస్తాను.

మేనేజర్ గేటువైపు తిరిగి, లారీని వెనక్కి పంపించండి అన్నాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఎంక్వయిరీ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చెల్లి మీద ఏమీ లేదు. చెయ్యి నయమయ్యాక పనిలోకి రావచ్చు.

నన్ను ఇన్‌ఛార్జ్ పని నుంచి తీసేశారు. రేపటి నుంచి లేబుళ్లు అంటించాలి. తక్కువ శిక్షే.

సాయంత్రం వార్డుకి వెళ్లి మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. రంగు సంగతి, రిపోర్టు సంగతి, గరుకు కాగితం సంగతి కూడా. చెల్లి అంతా విని, ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నావు అని అడిగింది.

ఇరవై నిమిషాలు అన్నాను.

గోడవైపు తిరిగింది.

ఫిబ్రవరి 20

ఇంటికి తెచ్చాను. మాట్లాడదు. ఎడమచేత్తో తనే తింటోంది. సగం కింద పడుతోంది. నేను ముద్ద కలిపితే నోరు తెరవదు.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున వచ్చి నా ముందు వీపు పెట్టి కూర్చుంది. దువ్వెన వెనక్కి అందించింది. జడ వేశాను. సగంలో వెంట్రుకలు దువ్వెన వెంట లేచి నిలబడ్డాయి, చిటపటమన్నాయి. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

కానివ్వు, అంది.