ఎండ రాకముందే

శీనూ,

హిమాలయాల్లో ఆ మంచు చరియ నిన్ను లాక్కుపోయి ఈ మే నెలకి రెండేళ్లు. ఇవాళ మీ చెల్లెలు సునీత నలుగురిని వెంటబెట్టుకుని అదే వాలు దాటడానికి బయల్దేరింది. వద్దంటే వినలేదు. కొత్తగూడలో బండలెక్కడం దానికి నేర్పింది నువ్వేగా!

కిందివూరు చేరగానే ఫోన్ చేస్తానంది. మాదాపూర్ ఆఫీసులో పొద్దుట్నుంచి ఫోన్ పక్కనే కూర్చున్నాను. మేనేజరు ఎవరికో చేయబోతే రిసీవర్ లాగేసుకున్నాను.

నాలుగింటికి మోగింది.

"అన్నా, దాటినం! ఎండ రాకముందే, మంచు గట్టిగున్నప్పుడే. ఒకలు దాటినంకనే ఇంకొకలం."

"చలేయలేదూ?"

"చేతులు కొంకర్లు పోయినయ్. ఎండొచ్చినంక పోదామని మావోళ్లు ఒకటే గొడవ. ఎండకు మంచు వదులై జారుతది, మా అన్న గట్లనే పోయిండని చెప్పిన. అయినా ఆ రోజు మీరెందుకు ఆగిండ్రన్నా?"

లైను సరిగా లేదని పెట్టేశాను.

ఆ పొద్దున నువ్వు బూట్లు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డావు. చలికి ఓర్చుకోలేక, "కాస్త ఎండ రానీరా" అని నిన్ను కూర్చోబెట్టింది నేనే.

ఆదివారం సునీత నాంపల్లిలో రైలు దిగుతుంది. స్టేషన్‌కి వెళ్తాను. ఇవాళ లైను బాగానే ఉందని చెప్పాలి.